కొట్టేసిన మాట

కాంతం చెబుతున్నదాంట్లో శ్రీరామ్మూర్తికి ఒక్క మాట నచ్చలేదు.

"బతిమాలినాం బాబూ," అంది ఆమె మూడోసారి. "మావా, మావా, తలుపు తియ్యి అని ఎంతలాగ బతిమాలినామో."

పోర్టు ఆఫీసు గోడ పక్కన, టీ బడ్డీ వెనకాల ఉన్న సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉన్నాడతను. తినని క్యారియరు పక్కన పెట్టి, మోకాలి మీద అట్ట, అట్ట మీద తెల్లకాయితం పెట్టుకున్నాడు. స్టోర్సు సెక్షనులో గుమాస్తా అయినా, హార్బరు పక్క వాళ్ళందరికీ అతను కాయితాలు రాసే బాబు. రేషను కార్డు దరఖాస్తులు, ఆసుపత్రి అర్జీలు, అప్పుడప్పుడు యూనియను కరపత్రాలు. పేరు పెట్టుకోడు. పెట్టుకుంటే ఉద్యోగానికి ఇబ్బంది. పేరు లేకపోయినా, బడ్డీ దగ్గర ఎవరైనా తన వాక్యాన్ని పైకి చదువుతుంటే వినడం అతనికి చాలా ఇష్టం.

కాంతం నేల మీద గొంతుక్కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. వేళ్ళ కొసలన్నీ ఐసునీళ్ళలో నాని తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. రొయ్య ముల్లు గుచ్చుకున్నచోట్ల పసుపు రాసుకుంది. ఆమె పక్కన నాగమణి. అయిదో నెల. నిన్న రొయ్యల కంపెనీలో కొట్టిన గాలికి కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"మళ్ళీ మొదటినుంచి చెప్పు. నెమ్మదిగా."

"మజ్జానం మూడయ్యుంటది బాబూ. రొయ్య తలలు తీత్తన్నాం. మిసను గది కాణ్ణించి గేసు కొట్టింది. అమోనియా అంటారు కదా, అదే. ముందు కల్లు మండినాయి. అలవాటే కదాని ఊరుకున్నాం. ఆనక ఊపిరాడ్నేదు. తలుపు కాడికి లగెత్తినాం. బయట తాలం."

"పని జరుగుతుండగా తాళం ఎందుకు?"

"రొయ్యలు పట్టుకుపోతామని. రోజూ ఏత్తారు." ఆ సంగతి ఆమెకు చెప్పదగ్గ విశేషంలా తోచలేదు. "వాచ్‌మేన్ కామరాజు మావని పిలిసినాం. మేనేజరు బాబు సెప్తే గానీ తియ్యకూడదమ్మా అన్నాడు. ఎల్లి సెప్పు మావా, సచ్చిపోతన్నాం, నీ కాల్లు పట్టుకుంటాం అన్నాం. ఎల్లినాడు. రాడే! ఈ గుంట, నాగమణి, పడిపోనాది. అప్పుడు ఐసు కొట్టే గునపం తీసి గొల్లెం బిగించిన కాడ కొట్టినాను. నాలుగో దెబ్బకి ఊడొచ్చింది. అదే టయానికి కామరాజు మావ తాలం తీద్దారని వొచ్చినాడు కావాల, తలుపు రెక్క ఎల్లి నుదుటికి తగిలీసింది. రగతం కారతంటే నా సెంగు సింపి కట్టినాను."

శ్రీరామ్మూర్తి పెన్సిలు గబగబా నడిచింది. రాసింది తిరిగి చదువుకున్నాడు. నలభై మంది ఆడవాళ్ళు, మూసిన తలుపు, విషవాయువు, గునపం. బాగుంది. కానీ మధ్యలో ఈ బతిమాలడం, కాళ్ళు పట్టుకోవడం ఉన్నాయి. అక్కడ కరపత్రం ఒక్కసారిగా నీరుగారిపోతోంది. 'బతిమాలారు' మీద గీత కొట్టి 'హెచ్చరించారు' అని రాశాడు. వాచ్‌మేన్ తాళం తియ్యడానికి వచ్చాడన్న వాక్యం తీసేశాడు. చెంగు చింపి కట్టు కట్టడం కూడా. శత్రువుకి కట్టు కడితే చదివేవాడు ఏమనుకోవాలి?

ఇక కాంతాన్ని ఏమనాలి? వీరవనిత అని లోగడ చాలాసార్లు రాశాడు. ధైర్యశాలి అంటే బడి పుస్తకంలో పాఠంలా ఉంటుంది. పోయిన నెల బహిరంగసభలో బయటినుంచి వచ్చిన వక్త ఒకాయన బల్ల గుద్ది "మిలిటెంట్ పోరాటం" అన్నప్పుడు జనం ఎలా చప్పట్లు కొట్టారో గుర్తొచ్చింది. ఆ మాటకు తెలుగేమిటో ఆ వక్త చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

రాసి, చదివి వినిపించాడు. "మిలిటెంట్ పోరాట యోధురాలు కాంతం గారు..."

తన పేరు వెనక 'గారు' వినగానే కాంతం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాగమణి కూడా నవ్వింది. ఆ తరువాత కాంతం అడిగింది. "మిలిటెంటంటే ఏటి బాబూ?"

"మంచి మాటే. ధైర్యవంతురాలని."

"మిలట్రీ వోల్లలాగా?"

"ఆఁ, అలాంటిదే."

"మరి బతిమాలినామన్నది ఇనబళ్ళేదేటి?"

"కరపత్రంలో అన్నీ పట్టవు కాంతం," అన్నాడు శ్రీరామ్మూర్తి. ఆఫీసు గంట వినబడింది. క్యారియరు మూత మళ్ళీ బిగించుకుని లేచాడు.

వన్ టౌనులో అబ్దుల్ హమీద్ ప్రెస్సు ఒకే గది. కాలితో తొక్కే మిషను, గోడ పొడుగునా అక్షరాల అరలు. హమీద్ ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో కాయితాన్ని దీపం కిందికి పట్టి చదివాడు. చదువుతుంటే అతని వేళ్ళు వాటంతటవే అరలవైపు కదులుతాయి. ఈసారి కదల్లేదు.

"పెద్ద టైపులో పొల్లు 'ట్' లేదు మూర్తి సాబ్. మిలిటెంట్ అని పడదు. ధైర్యం అని పెట్టేస్తా, 'ధ'లు బోలెడున్నాయి."

"వద్దు. మిలిటెంటు అని పెట్టండి. ఉకారం ఉందిగా."

"మాట కొంచెం గరం కదా సాబ్. ఇదిగో, ఇక్కడ చూడండి, 'కంపెనీ తొత్తును నేలకూల్చి' అన్నారు. కామరాజు కదూ వాచ్‌మేన్? నాకు తెలుసు. పాపం, మెత్తని మనిషి."

"అది రాసే పద్ధతి హమీద్ భాయ్. మనిషిని అన్నట్టు కాదు."

హమీద్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. అక్షరాలు ఒక్కొక్కటే తీసి చేతిలోని ఇనప పట్టీలో పేర్చాడు. కింద చిన్న టైపులో తన ప్రెస్సు పేరు పేర్చాడు. చట్టం ప్రకారం అది ఉండాలి. రాసినవాడి పేరు ఉండాలని చట్టం లేదు. మొదటి కాయితం తడి ఇంకుతో బయటికి రాగానే శ్రీరామ్మూర్తి దాన్ని రెండు కొసలా పట్టుకుని వెలుగుకు ఎత్తి చూశాడు. కాంతం పేరు, దాని మీద ఆ మాట, నల్లగా నిండుగా ఉన్నాయి. అతనికి ఒళ్ళు పులకరించింది.

మర్నాడు పొద్దుటికల్లా ఫిషింగ్ హార్బరంతా ఆ కాయితాలే. వేలంపాట దగ్గర, ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో, వలలు కుట్టేవాళ్ళ చేతుల్లో. టీ బడ్డీ దగ్గర ఒక లారీ క్లీనరు "యాజమాన్యమా, ఖబడ్దార్!" అని అరిచి చదువుతుంటే శ్రీరామ్మూర్తి పక్కనే నిలబడి, ఏమీ ఎరగనట్టు టీ తాగాడు.

నాలుగో రోజున కాంతానికి కంపెనీనుంచి కాయితం వచ్చింది. గేటు దగ్గరే ఆపేశారు. ఎనిమిదో రోజున విచారణ అన్నారు. ఆమెకు చదువు రాదు కాబట్టి కాయితాలు చదివి వినిపించడానికి ఒక మనిషిని తెచ్చుకోవచ్చన్నారు. ఆమె నేరుగా టీ బడ్డీ వెనక్కి వచ్చింది.

"మీరు రండి బాబూ. మీరుంటే నాకు దయిర్నం."

శ్రీరామ్మూర్తి ఆ రోజుకు అరపూట సెలవు పెట్టాడు. సెలవు చీటీలో కారణం రాయవలసినచోట 'ఇంటిపని' అని రాశాడు.

కంపెనీ ఆఫీసు గది మేడ మీద. కిటికీలోంచి షెడ్డు కప్పు, దాని వెనక కట్టేసిన మరపడవలు కనిపిస్తున్నాయి. విచారణాధికారిగా పిలిపించిన వకీలు భీమశంకరరావు పెద్దవాడు, మర్యాదస్తుడు. కాంతాన్ని కుర్చీలో కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి దాని వీపు పట్టుకుంది. శ్రీరామ్మూర్తి పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా మేనేజరు, ఒక టైపిస్టు, గోడవార నుదుటి మీద ఇంకా పచ్చిగా ఉన్న గాటుతో కామరాజు.

మేనేజరు చెప్పింది క్లుప్తంగా ఉంది. ఆ రోజు గ్యాసు ఏమీ రాలేదు. వస్తే మిషను పుస్తకంలో రాసి ఉండేవారు. ఇది ముందే అనుకుని చేసిన దౌర్జన్యం.

"కామరాజూ, నువ్వు చెప్పు," అన్నాడు భీమశంకరరావు. "వాళ్ళు నిన్ను బతిమాలారా? బెదిరించారా?"

కామరాజు మేనేజరువైపు చూశాడు. తరువాత నేలవైపు చూశాడు. "అరుపులు ఇనబడినాయి బాబూ. మాటలు సరిగ్గా..."

"మావా," అంది కాంతం. అంతే అంది. కామరాజు తల ఎత్తలేదు.

"మేం బతిమాలినాం బాబూ. కాల్లు పట్టుకుంటామన్నాం. అందరినీ అడగండి."

"అందరూ నీతో పనిచేసేవాళ్ళేగా అమ్మా." భీమశంకరరావు ఫైలులోంచి మడతపెట్టిన కాయితం తీశాడు. శ్రీరామ్మూర్తి దాన్ని దూరంనుంచే గుర్తుపట్టాడు. "ఇది మీవాళ్ళే వేసిన కాయితం. ఇందులో ఏముందో మీరే చదివి ఆమెకు వినిపించండి మూర్తిగారూ. మీరు అందుకేగా వచ్చారు."

కాయితం అతని చేతికొచ్చింది. ఇంకు వాసన ఇంకా పోలేదు.

చదివాడు. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నా తన వాక్యాన్ని తాను నలుగురి ముందు చదవడం అదే మొదటిసారి. "మిలిటెంటు పోరాట యోధురాలు కాంతం గారు కంపెనీ యాజమాన్యాన్ని తీవ్రంగా హెచ్చరించి... ఇనప గునపంతో బానిసత్వపు తలుపులను బద్దలుకొట్టి... అడ్డువచ్చిన కంపెనీ తొత్తును నేలకూల్చి..." టైపిస్టు టకటకా కొట్టుకుంటూ పోతోంది. అతను ఆగితే ఆమె కూడా ఆగుతోంది.

"హెచ్చరించి అని ఉంది," అన్నాడు భీమశంకరరావు. "బతిమాలి అని ఎక్కడైనా ఉందా?"

"లేదండి."

"గ్యాసు సంగతి?"

"విషవాయువు అని... ఒక్కచోట ఉందండి."

"వాచ్‌మేన్ తలుపు తియ్యడానికి వచ్చాడనీ, తలుపు పొరపాటున తగిలిందనీ, ఈవిడే కట్టు కట్టిందనీ ఈవిడ చెబుతోంది. అలా ఉందా?"

"లేదండి."

"వాళ్ళకు అనుకూలమైన సంగతుల్ని వాళ్ళ కాయితంలోనే ఎందుకు రాసుకోలేదో నాకు అర్థం కావడం లేదు," అన్నాడు ముసలి వకీలు. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అర్థం కానట్టు కాసేపు చూశాడు. "పోనీ, మీరు చదువుకున్నవారు. ఈ మిలిటెంటు అంటే ఏమిటండీ?"

శ్రీరామ్మూర్తి చేతిలోని కాయితం మడత సరిచేశాడు. "అంటే... చురుగ్గా... హక్కుల కోసం గట్టిగా నిలబడేవాళ్ళని..."

భీమశంకరరావు సొరుగులోంచి లావుపాటి నిఘంటువు తీయించి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. "యుద్ధానికి సిద్ధపడినవాడు. కలహశీలి. బలప్రయోగానికి వెనుదీయనివాడు." ఒక్కొక్క అర్థాన్నీ విడివిడిగా చదివాడు. "మీరు చెప్పినది ఇందులో లేదు మరి."

"అలా కూడా... వాడతారండి."

"ఎవరు వాడతారు? ఈ కాయితం రాసినతను వాడాడు. అతను ఎవరో తెలిస్తే పిలిచి అతన్నే అడుగుదును. ప్రెస్సు ఆయన్ని అడిగితే తెలీదన్నాడు." కళ్ళజోడు సర్దుకుని కాంతం వైపు తిరిగాడు. "ఎవరమ్మా ఇది రాసింది?"

శ్రీరామ్మూర్తి నోరు కొద్దిగా తెరుచుకుంది. నేనే అన్న మాట నాలుక దాకా వచ్చింది. పోర్టు ఆఫీసు, పై అధికారి చేతికి వెళ్ళే కాయితం, బడికెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు, అన్నీ ఒక్క క్షణంలో కళ్ళముందు తిరిగాయి. నోరు మూసుకుంది.

"తెల్దు బాబూ," అంది కాంతం.

"సరే. ఇందులో నిన్ను మిలిటెంటు అన్నారు. నిజమేనా? నువ్వు మిలిటెంటువేనా?"

కాంతం శ్రీరామ్మూర్తి వైపు చూసింది. అతను చేతిలో కాయితం వైపే చూస్తున్నాడు.

"అవునండి," అంది కాంతం.

టైపుమిషను మూడుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

పనిలోంచి తీసేస్తూ ఉత్తరువు వారం తిరక్కుండానే వచ్చింది. దానిలో ఆఖరు పేరా అంతా ఆ ఒక్క జవాబు మీదే నడిచింది.

శ్రీరామ్మూర్తికి అన్నం సయించడం మానేసింది. 'ధైర్యవంతురాలని' అని తనే చెప్పాడు. ఏ అర్థం తెలియని ఆడమనిషి, తను చెప్పిన అబద్ధం నమ్మి, గొప్ప మాట కాబోలనుకుని ఔనంది. ఆఫీసులో స్టోర్సు రిజిస్టరు మీద కూర్చుంటే ఆ 'అవునండి' వినిపిస్తోంది. బడ్డీ దగ్గరకు వెళ్ళడం మానేశాడు. క్యారియరు సెక్షనులోనే తిన్నాడు.

ఒక సాయంత్రం వన్ టౌనులో హమీద్ ఎదురుపడ్డాడు. "కంపెనీ మనుషులు రెండుసార్లు వచ్చారు సాబ్. నేను చెప్పలేదు." ఆగి, మెల్లగా అన్నాడు. "మీరే చెప్తారేమో అనుకున్నా."

శ్రీరామ్మూర్తి తల ఊపాడు. దేనికి ఊపాడో తనకే తెలియలేదు.

"ఏమైందండీ?" అని భార్య భ్రమరాంబ అడిగింది ఆ ఆదివారం, అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేస్తుంటే. అప్పుడు చెప్పాడు. అంతా విని ఆవిడ చెంబుతో నీళ్ళు అందించింది. "ఆవిడ మీ పేరు చెప్పలేదా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదూ?"

ఆ ప్రశ్న అతను వేసుకోలేదు. తన తప్పు ఎంతటిదో కొలుచుకోవడంలోనే ఈ రోజులన్నీ గడిపాడు.

ఆ పూటే కూర్చుని కార్మిక శాఖకు అర్జీ రాశాడు. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాడు. నాలుగుసార్లు చింపి, అయిదోసారి సాపు రాశాడు. మర్నాడు పొద్దున్నే, ఆఫీసు వేళకు ముందు, ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాడు.

వేలం అప్పుడే అయిపోతోంది. కాంతం వెదురుతట్టలో కానాగంతలు పేర్చుకుంటోంది. ఒక వరస చేపలు, మీద చితకొట్టిన ఐసు, మళ్ళీ ఒక వరస. అతన్ని చూసి చేతులు చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంది.

"ఓలమ్మా, బాబే! ఏటి బాబూ అలాగైపోనారు? జొరమొచ్చిందేటి?"

"అర్జీ రాసుకొచ్చాను కాంతం. నీ ఉద్యోగం కోసం. విను." తిరగేసి ఉన్న పడవ పక్కన నిలబడి చదివాడు. "అయ్యా, నేను లోకజ్ఞానం లేని నిరక్షరాస్యురాలను. అమాయకురాలను. స్వార్థపరులైన కొందరి మాటలు విని, భయంతో, ఏమి చేయుచున్నానో తెలియని స్థితిలో..."

కాంతం వింటూ ఐసు చల్లుతోంది. చెయ్యి ఆగింది.

"ఎవులి మాటలిన్నాను బాబూ?"

"అంటే... అలా రాస్తే అధికారికి జాలి కలుగుతుంది."

"ఏం సేత్తన్నానో నాకు తెల్దా? నలబయి మంది సచ్చిపోతారని గొల్లెం మీద కొట్టినాను. గొల్లెం ఎక్కడుందో సూసి మరీ కొట్టినాను." ఆమె గొంతు పెరగలేదు. "ఆ కాయితంలో రాచ్చసిని సేసీసినారు. ఈ కాయితంలో ఎర్రిదాన్ని సేత్తన్నారు. నాను సెప్పింది ఎప్పుడు రాత్తారు బాబూ?"

చుట్టూ తట్టలు లాగుతున్న చప్పుడు, బేరాల కేకలు. శ్రీరామ్మూర్తి అర్జీ కిందికి దించాడు. "నేను నిన్ను మోసం చేశాను కాంతం. ఆ మాటకు అర్థం ధైర్యం కాదు. నాకు తెలుసు. నేను చెప్పింది నమ్మి నువ్వు అక్కడ ఔనన్నావు."

కాంతం వింతగా చూసింది. "నమ్మేదేటి? ఆ పెద్దాయన పుస్తకం తీసి సదివినాడు కదా, నాకు ఇనబళ్ళేదా? కలహాలు, యుద్దాలు అని. సెవులున్నాయి కదా బాబూ."

"మరి...?"

"కాదంటే మల్లీ రాసినోడెవుడు, ఆడిని పిలండి అంటాడు. అదే కదా ఆయన గోల. మీకేసి సూసినాను. కాయితంలోంచి తలెత్తనేదు మీరు." ఆమె మళ్ళీ ఐసు చల్లడం మొదలుపెట్టింది. "మీకా ఇద్దరాడపిల్లలు. నాకు ఈ తట్టుంది. కంపినీవోల్లు నన్ను ఎలగూ తీసీడానికే కూకున్నారు, ఔనంటే పెద్దాయన ఆ అడగడం బేగి ఒగ్గీసినాడు."

శ్రీరామ్మూర్తి పడవ చెక్క పట్టుకున్నాడు. ఇన్ని రోజులూ ఆమెను ఏమీ తెలియనిదనుకుని బాధపడ్డాడు. ఆ బాధలో కూడా తనే పెద్దవాడు, ఆమె చిన్నది. ఇప్పుడు ఆ కాస్త పెద్దరికం కూడా మిగల్లేదు.

చేతిలోని అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. సంచీలోంచి తెల్లకాయితం, అట్ట తీశాడు. తిరగేసిన పడవ మీద పెట్టి, "చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. చేపలు పేరుస్తూనే చెప్పింది. మజ్జానం మూడయ్యుంటది. కల్లు మండినాయి. మావా, నీ కాల్లు పట్టుకుంటాం. అతను ఒక్క మాట కూడా పైకి ఎత్తలేదు, కిందికి దించలేదు. 'బతిమాలినాము' అని రాశాడు. 'గొల్లెం మీద కొట్టినాను' అని రాశాడు. కామరాజు తాళం తియ్యడానికి వచ్చినాడని రాశాడు.

"ఆ గాటు మానుపట్టిందో నేదో," అంది ఆమె మధ్యలో. "అది రాయకండి. ఊరికే అన్నాను."

రాయడం అయ్యాక ఆమె వేలిముద్ర వేసింది. తడివేలు కావడంతో ముద్ర అలుక్కుపోయింది. తుడుచుకుని, పక్కన మళ్ళీ వేసింది. కింద రెండంగుళాల జాగా మిగిలింది. శ్రీరామ్మూర్తి అక్కడ 'దస్తూరి' అని రాసి, పక్కన ఇంటిపేరుతో సహా తన పేరు, ఉద్యోగం, సెక్షను రాశాడు. కలం ఎత్తలేదు. దాని కింద, లోగడ ఈ విషయమై అచ్చయిన కరపత్రం కూడా నా రచనే, అందులో ఈమె చెప్పిన మాటలను నేను కొట్టివేసి మార్చితిని, అని ఒక వాక్యం రాసి సంతకం చేశాడు.

"ఏటి రాసినారు అంత పొడుగు?"

చదివి వినిపించాడు.

కాంతం ఒక చేపను తీసి తట్టలో సర్దింది. "అమ్మగారికి సెప్పినారా?" అంది.

"చెప్తాను."

కార్మిక శాఖ ఆఫీసులో మూడు వాయిదాలు నడిచాయి. రెండో వాయిదాలో శ్రీరామ్మూర్తి నిలబడి, కరపత్రం రాసింది తానేనని, మిలిటెంటు అన్న మాట తనదని, ఆమెది బతిమాలినామన్న మాట అని చెప్పాడు. గుమాస్తా అది రాసుకున్నాడు. మూడో వాయిదాకు కామరాజు తనంతట తాను వచ్చి, కాళ్ళు పట్టుకుంటామన్న మాట నాకు వినబడింది బాబూ అన్నాడు. మేనేజరువైపు చూడకుండా అన్నాడు.

అధికారి వచ్చి షెడ్డు చూసి వెళ్ళాక, పని వేళల్లో తాళం వెయ్యకూడదని కంపెనీకి కాయితం వచ్చింది. గొళ్ళెం లోపలివైపు పెట్టించారు. నాగమణీ వాళ్ళూ ఇప్పుడు ఊపిరాడకపోతే తామే తలుపు తీసుకుని బయటికి రావచ్చు. కాంతాన్ని మాత్రం మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ఆ కేసు పెద్ద కోర్టుకు వెళ్ళవలసి ఉంటుందన్నారు. ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేదు.

శ్రీరామ్మూర్తికి ఆఫీసులో మెమో ఇచ్చి, స్టోర్సునుంచి ఇనప ఖనిజం దింపే యార్డుకు మార్చారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కా కాలరు, చెవుల వెనక, కనురెప్పలు, అన్నీ ఎర్రదుమ్ము. భ్రమరాంబ ఆ చొక్కాలు విడిగా నానబెడుతోంది.

ఒక ఆదివారం పొద్దున క్వార్టర్ల వీధిలో చేపల కేక వినబడింది. గుమ్మంలో తట్ట దించిన చప్పుడు. భ్రమరాంబ బేరం ఆడింది. లోపల మంచం మీద కూర్చున్న శ్రీరామ్మూర్తి ఆ గొంతు గుర్తుపట్టి కదల్లేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? గుమ్మం దాకా పది అడుగులు. ఆమె ఇల్లిల్లూ తిరగడం వినడం వేరు. తన గుమ్మంలో తట్ట దించడం వేరు.

"అమ్మా, తట్టెత్తడానికి ఓ సెయ్యెయ్యండి," అంటోంది కాంతం.

"నా చేతులు చేపలతో ఉన్నాయి, ఉండు," అని భ్రమరాంబ లోపలికి చూసింది. "ఏవండీ."

అతను లేచి బయటికి వచ్చాడు. కాంతం అప్పటికే తలగుడ్డ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని వంగి ఉంది. అతన్ని చూసి కొంచెం సర్దుకుంది.

"అటేపు పట్టండి బాబూ. ఒకేసారి లెగాలి."

శ్రీరామ్మూర్తి వంగి తట్ట అంచు కింద వేళ్ళు దూర్చాడు. రోజూ వీధిలో పోయే తట్టల్ని చూస్తూనే ఉన్నాడు, ఇంత బరువుంటాయనుకోలేదు. మొదటిసారి లేవలేదు. రెండోసారి ఇద్దరూ కలిసి ఎత్తారు. ఐసునీళ్ళు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి. తట్ట ఆమె నెత్తి మీద కుదురుకునే దాకా వదలకుండా పట్టుకున్నాడు.

"ఇంక ఒగ్గీండి," అంది కాంతం.

వదిలాడు. ఆమె ఒక చేత్తో తట్ట పట్టుకుని, రెండో చెయ్యి ఊపుకుంటూ పక్క క్వార్టరు వైపు నడిచింది. అతను తడిచేతులు తుడుచుకోకుండా, ఆమె తరువాతి గుమ్మంలో తట్ట దించడానికి ఎవరినో పిలిచేదాకా అక్కడే నిలబడ్డాడు.